పదకొండో వరుస

హెడ్మాస్టరు గదిలో గోడకు తగిలించిన ర్యాంకుల బోర్డు మీద నలభై తొమ్మిది వరుసలున్నాయి. పేర్లు మాత్రం నలభై ఎనిమిదే. పదకొండో వరుసలో సంవత్సరం అంకెల్లో ఉంది, దాని పక్కన ఏమీ లేదు.

ఆ ఖాళీని గంటమ్మ ముప్పై మూడేళ్ళుగా తుడుస్తోంది. వారానికోసారి స్టూలెక్కి, తడిబట్టతో ఒకసారి, పొడిబట్టతో ఒకసారి. పేర్లున్న వరుసల మీద గుడ్డ ఎంతసేపు ఆగుతుందో ఖాళీ మీదా అంతసేపే ఆగుతుంది. అక్కడ ఒక్క క్షణం ఎక్కువ ఆగినా తనను తాను క్షమించుకునే మనిషి కాదు.

వరండా దూలానికి వేలాడే రైలు పట్టా ముక్కను రోజుకు తొమ్మిదిసార్లు కొడుతుంది కాబట్టి ఆమె గంటమ్మ. అసలు పేరు జీతాల బిల్లులో ఉంటుంది. దాన్ని నెలకోసారి గుమాస్తా చూస్తాడు, అతను కూడా సంతకం చోటు చూస్తాడే తప్ప పేరు చదవడు. ఆమెకు అందులో తప్పేమీ కనిపించలేదు. తానూ అంతే. ఈ బడికి వచ్చి వెళ్ళిన పన్నెండు మంది హెడ్మాస్టర్ల పేర్లూ ఆమెకు నోటికి రావు. గొడుగు హెడ్మాస్టరు, దగ్గు హెడ్మాస్టరు, తాళం హెడ్మాస్టరు, సెలవుల హెడ్మాస్టరు. అలా పెట్టుకున్న పేర్లే పిల్లల నోళ్ళలోకి పాకి, ఊళ్ళోకి వెళ్ళి, చివరికి ఆ హెడ్మాస్టర్ల భార్యల దాకా చేరేవి.

పదకొండో వరుసను ఖాళీగా వదిలింది గొడుగు హెడ్మాస్టరు. ఎండైనా, వానైనా, గదిలో నీడపట్టున ఉన్నా, ఆయన చంకలో గొడుగు ఉండేది. ఆ ఏడాది పదో తరగతిలో బడికి మొదటి స్థానంలో వచ్చింది ఒక ఆడపిల్ల. అంతకు ముందు పది వరుసల్లో అందరూ మగపిల్లలే. డ్రాయింగు మాస్టారు బంగారు రంగు డబ్బా మూత తీసి, కుంచె ముంచి, స్టూలెక్కాడు. హెడ్మాస్టరు గొడుగు పైకెత్తి ఆయన్ని ఆపాడు.

"ఆగవయ్యా. ఆడపిల్ల కదా. రేపో మాపో పెళ్ళవుతుంది. ఇంటిపేరు మారుతుంది. అప్పుడు చెరిపి మళ్ళీ రాయాలి. అసలే టేకు బోర్డు, చెరిపితే మచ్చ పడుతుంది. ముందు పెళ్ళి కానీ, అప్పుడు రాద్దాం."

డ్రాయింగు మాస్టారు దీర్ఘంగా ఆలోచించి, నిజమేనని తల ఊపి, మూత బిగించాడు. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళు.

సర్టిఫికెట్టు తీసుకోవడానికి వచ్చిన ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. వయసు పదిహేను. హెడ్మాస్టరు ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, అంతే కదా?" అని అడిగాడు. ఆమె "సరేనండి" అంది.

ఆ తర్వాత ఆమె హెడ్మాస్టర్లందర్నీ ఏదో ఒక రోజు క్షమించింది, ఆ గొడుగాయనతో సహా. ఆ "సరేనండి"ని మాత్రం ఈనాటికీ క్షమించలేదు.

ఆమె తండ్రి రోడ్డు పనివాడు. తారు డబ్బాల కింద మంట పెట్టడం ఆయన పని. కూతురికి ఎన్ని మార్కులొచ్చాయంటే నాలుగు వందల ఎనభై ఏడని చెప్పేవాడు కానీ, ఎన్నింటికని అడిగితే ఆయనకు తెలియదు. పై చదువుకు పట్నం వెళ్ళాలి. పట్నం వెళ్ళే బస్సు పదింటికి చేరేది. కాలేజీ తొమ్మిదింటికి మొదలయ్యేది. ఆ గంట తేడాకి ఆమె చదువు ఆగిపోయింది. ఈ సంగతి ఎవరైనా జాలిగా అడిగితే ఆమె మొహం తిప్పుకునేది. జాలిపడేవాళ్ళు బస్సు టైము మార్పించలేరు కదా అనేది.

పద్దెనిమిదో ఏట దర్జీతో పెళ్ళయింది. ఇంటిపేరు మారింది. ఆ కబురు బడికి వెళ్ళి చెబుదామంటే అప్పటికి గొడుగు బదిలీ అయిపోయింది, డ్రాయింగు మాస్టారు రిటైరైపోయాడు, బంగారు రంగు డబ్బాలోనే గడ్డకట్టింది.

ఇంకో మూడేళ్ళకు బళ్ళో అటెండరు పోస్టు ఖాళీ అయిందని యూనిఫారాల కొలతలకు వెళ్ళిన భర్త కబురు తెచ్చాడు. కావలసిన చదువు ఏడో తరగతి. అప్పటి హెడ్మాస్టరు ఆమె సర్టిఫికెట్టును ఇటూ అటూ రెండుసార్లు తిప్పి చూశాడు. దగ్గు ఆగాక, "ఇన్ని మార్కులా? ఈ పోస్టుకి ఇంత అక్కర్లేదమ్మా, ఏడు పాసైతే చాలు" అన్నాడు. తప్పు పట్టుకున్నవాడిలా చూశాడు. ఆయన తల వెనకే బోర్డుంది. తల తిప్పలేదు. ఎవరైనా తల తిప్పి, ఈ పదకొండోది ఎవరిదని అడిగితే చెబుదామని ఆమె ఆ రోజు నుంచి కాచుకుని ఉంది. అయిదేళ్ళ తర్వాత ఇరవై రెండో వరుసలో ఇంకో ఆడపిల్ల పేరు పడింది. తాళం హెడ్మాస్టరు ముందూ వెనకా ఆలోచించకుండా రాయించేశాడు. ఆ పిల్లకూ పెళ్ళయింది. ఇంటిపేరు మారింది. టేకు బోర్డుకు ఏమీ కాలేదు.

యాభై ఏళ్ళు నిండుతున్నాయని బడికి స్వర్ణోత్సవం పెట్టారు. ఉత్సవమంటే కమిటీ ఉండాలి, కమిటీ అంటే ఛైర్మన్ ఉండాలి. ఛైర్మన్ ఈ బడి పాత విద్యార్థి, కాంట్రాక్టరు. బడి ప్రహరీ గోడ కట్టింది ఆయనే. రెండో వానకే ఆ గోడ రోడ్డు వైపు వంగి, వచ్చేపోయేవాళ్ళ మాటలు వింటున్నట్టు నిలబడింది. ఇప్పుడు ఆయన రెండు పనులు తలపెట్టాడు. ఒకటి, చెక్కబోర్డుకు చెదలు పడుతున్నాయి కాబట్టి నలభై తొమ్మిది వరుసలూ నల్లరాయి మీద చెక్కించడం. రెండు, బడి చరిత్రను పుస్తకంగా వేయించడం. చరిత్ర రాసే పని రిటైరైన తెలుగు మాస్టారికి అప్పగించారు. ఆయనకు డెబ్బై ఏళ్ళు. గంటమ్మ చదువుకునే రోజుల్లో కొత్తగా చేరి, రెండేళ్ళకే బదిలీ అయి, చివరి ఎనిమిదేళ్ళ ఉద్యోగానికి మళ్ళీ ఇక్కడికే వచ్చినాయన. ఆ ఎనిమిదేళ్ళూ ఆయన చాక్‌పీసులూ మంచినీళ్ళూ ఆమె చేతి మీదుగానే వెళ్ళాయి.

ఒక మధ్యాహ్నం ఆయన రికార్డు గదికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ గది తాళం గంటమ్మ దగ్గరే ఉంటుంది. గుమాస్తాకు ఉబ్బసం, లోపలికి రాడు.

"గంటమ్మా, పాత మార్కుల రిజిస్టర్లు ఎక్కడున్నాయో చూసిపెట్టు. దుమ్ము దులిపి ఇవ్వు, నాకు పడదు."

"చరిత్ర రాసేవాళ్ళకి దుమ్ము పడకపోతే ఎలా మాస్టారూ?"

"ఎగతాళి చెయ్యకు. రాసినంత వరకు వినిపిస్తాను, కూర్చో." ఆయన సంచీలోంచి కాగితాలు తీసి, గొంతు సవరించుకున్నాడు. "విద్యాదాన తపనతో జ్వలించిన ఆ మహనీయుడు, సస్యశ్యామలమైన తన నాలుగెకరాల భూమిని చిన్నారుల భవితవ్యానికై సంతోషంగా ధారపోశారు." అది ఛైర్మన్ గారి తాత గురించి. "ఎలా ఉంది?"

గంటమ్మ పెదవి విరిచింది. ఆ నాలుగెకరాలూ వానాకాలం మోకాల్లోతు నీళ్ళు నిలిచే నేల. ఆ తాత అందులో ఏం వేసినా కుళ్ళిపోయింది. పిల్లలు కుళ్ళిపోరు కదా అని బడికిచ్చాడు. మొదటి రెండేళ్ళూ బడి నడిచింది విత్తనాల గోదాములో. ఎలుకలు పుస్తకాలూ విత్తనాలూ వేరుచేసి చూడలేదు.

"నీళ్ళ సంగతి రాయలేదేం మాస్టారూ?"

"ఏ నీళ్ళు?"

"వానాకాలం ఏడో తరగతి వాళ్ళు బెంచీల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటారు కదా, ఆ నీళ్ళు."

"అవి చరిత్ర కిందికి రావు. నిర్వహణ కిందికి వస్తాయి."

ప్రయోగశాల గురించి ఆయన 'అత్యాధునిక' అని రాశాడు. రెండు సూక్ష్మదర్శినులు వచ్చిన మాట నిజమే. పగిలిపోతాయని తాళం హెడ్మాస్టరు వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. పదకొండేళ్ళ తర్వాత తెరిస్తే అద్దాలకు బూజు పట్టి ఉంది. అరవై రెండు మంది పరీక్ష రాసి నలుగురు పాసైన సంవత్సరాన్ని 'నాణ్యతకు ప్రాధాన్యమిచ్చిన సంవత్సరం' అని రాశాడు. కంప్యూటర్ల గదికి నాలుగుసార్లు ప్రారంభోత్సవం జరిగింది. మూడోసారి వచ్చిన పెద్దమనిషి రిబ్బను కత్తిరించాక, ఇందులో కరెంటెక్కడని అడిగాడు. పుస్తకంలో నాలుగు ఫొటోలున్నాయి, ఆ ప్రశ్న లేదు.

గంటమ్మ అన్నీ విన్నది. చివరికి తనకు కావలసింది, తనకు ఏమీ పట్టనట్టు అడిగింది.

"ర్యాంకుల లిస్టు సంగతేంటి మాస్టారూ? పదకొండో వరుస ఖాళీ ఉందిగా?"

"అదా. అది ఛైర్మన్ గారిదే. ఆయనే చెప్పాడు. అప్పట్లో రాయడం మర్చిపోయారట. నిండు మనిషి, ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరా అనలేదు చూడు."

"రిజిస్టరు చూశారా?"

"ఛైర్మన్ గారు స్వయంగా చెప్పాక రిజిస్టరెందుకు?" ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తాడు. "నాకు లీలగా జ్ఞాపకం, ఆ ఏడాది ఎవరో ఆడపిల్ల ఫస్టొచ్చిందని. బక్కగా ఉండేది. పద్యం రాగం తీయకుండా అర్థం తెలిసేలా చదివేది. ఏమైపోయిందో పాపం."

గంటమ్మ చేతిలో దుమ్ము గుడ్డ ఉంది. ఆయనకూ ఆమెకూ మధ్య మూరెడు దూరం.

"ఎక్కడో ఏదో పని చేసుకుంటూ ఉంటుంది లెండి."

"ఆ, అంతేలే. కాసిని మంచినీళ్ళు పట్రా."

ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఇంట్లో దర్జీ స్వర్ణోత్సవం స్టేజీకి తెర కుడుతున్నాడు. నీలం గుడ్డ మిషను మీంచి జారి గదంతా పరుచుకుని ఉంది. నడవాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. ఆమె గోడ వారగా నడిచి వెళ్ళి, జరిగింది చెప్పింది. దర్జీ మిషను ఆపలేదు.

"అయితే రేపు వెళ్ళి చెప్పు. నోట్లో నాలుక లేదా? ఇంట్లో ఉన్న నాలుకలో సగం బళ్ళో ఉంటే ఈపాటికి నువ్వే హెడ్మాస్టరువి."

"అడిగి రాయించుకుంటే అది పేరు కాదయ్యా, అర్జీ."

"ఓహో. మరి వాళ్ళంతట వాళ్ళే వచ్చి, అమ్మా తమరి శుభనామం ఏమిటని అడగాలా?"

"అడగాలి. అది వాళ్ళ పని. రిజిస్టరు వాళ్ళది, బోర్డు వాళ్ళది, కళ్ళు వాళ్ళవి."

"ముప్పై మూడేళ్ళుగా కూర్చున్నావు అడుగుతారని. వాళ్ళు అడిగిందేంటి? మంచినీళ్ళు. చాక్‌పీసులు." దర్జీ ఈసారి మిషను ఆపి, దారం పళ్ళతో తెంపాడు. "నీకో మాట చెప్పనా? కోప్పడకు. నువ్వు వాళ్ళని చూసి నవ్వుకోవడానికి అలవాటు పడ్డావు. అడిగితే, వాళ్ళు రాసేస్తే, ఇక నవ్వడానికి ఏం మిగుల్తుందని నీ భయం."

"నువ్వు తెర కుట్టు."

"కుడుతూనే ఉన్నా. తెరలు కుట్టడం, కొలతలు తియ్యడం తప్ప నాకేం తెలుసు?"

పన్నెండు మంది హెడ్మాస్టర్లకు పేర్లు పెట్టిన మనిషి తన పేరు కోసం ఒక్కసారి నోరు తెరవలేదన్నది నిజమే. ఎవరి మీదైనా సరే, ఆమె దగ్గర ఎప్పుడూ ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు తన మీద ఏ మాటా దొరకలేదు. చెక్కబోర్డయితే వేరు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది, ఎవరో ఒకరు కుంచె పట్టుకోవచ్చు. రాయి అలా కాదు. దాని మీద ఎవరి పేరు చెక్కితే ఇక ఎప్పటికీ వాళ్ళే ఫస్టు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుంది. రాళ్ళు చెక్కే షాపువాడు ఆరింటికల్లా లిస్టు కావాలన్నాడు. హెడ్మాస్టరు గదిలో బల్లకు అటు హెడ్మాస్టరు, ఇటు ఛైర్మన్, పక్కన తెలుగు మాస్టారు. ఇప్పటి హెడ్మాస్టరుకు నలభై కూడా నిండలేదు. ఆయనకు గంటమ్మ ఇంకా పేరు పెట్టలేదు. పెట్టడానికి ఆయన ఇంతవరకు ఏమీ చేయలేదు. ప్రహరీ గోడ మళ్ళీ కట్టించాలంటే ఛైర్మన్ దయ కావాలి కాబట్టి ఆయన ఛైర్మన్ చెప్పేదానికల్లా "అలాగే సార్" అంటున్నాడు.

గంటమ్మ ట్రేలో మూడు నీళ్ళ గ్లాసులు తెచ్చి ఒక్కొక్కరి ముందూ పెట్టింది. ఆ తర్వాత చంకలోంచి రిజిస్టరు తీసి, గుర్తు పెట్టుకున్న చోట తెరిచి, హెడ్మాస్టరు ముందు పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"పదకొండో ఏడాది మార్కులండి. లిస్టు రాతికి ఎక్కుతోంది కదా, ఒకసారి సరిచూసుకుంటారని."

హెడ్మాస్టరు వేలు పెట్టి చదివాడు. "మొదటి స్థానం, నాలుగు వందల ఎనభై ఏడు." వేలు కింది గీతకు జారింది. "రెండో స్థానం, నాలుగు వందల డెబ్బై తొమ్మిది." అక్కడున్న పేరు చదివి, ఛైర్మన్ వైపు చూసి, గబుక్కున మళ్ళీ పై గీతకు వెళ్ళిపోయాడు. "ఈ మొదటి స్థానం... ఈ అమ్మాయి ఎవరు?"

"నేనేనండి."

తెలుగు మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని ఆమెను చూశాడు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు.

"నువ్వా?"

"పద్యం అర్థం తెలిసేలా చదివేదాన్నని నిన్న మీరే అన్నారు కదా మాస్టారూ."

ఛైర్మన్ పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వు ఎప్పుడూ మాట కంటే ముందు వచ్చి కుర్చీలు సర్దిపెడుతుంది.

"అబ్బబ్బ, ఎనిమిది మార్కులు! ఆ ఎనిమిది మార్కులకి మా నాన్న నాతో ఎన్నాళ్ళు మాట్లాడలేదో తెలుసా? నాకు తెలియకేం హెడ్మాస్టరుగారూ, అంతా తెలుసు. సమయం చూసి నేనే బయటపెడదామనుకున్నా."

"మరి మాస్టారికి మీదేనని చెప్పారట?" అంది గంటమ్మ.

"అది మాస్టారు పొరపాటుగా అర్థం చేసుకున్నారు."

తెలుగు మాస్టారు నోరు తెరిచి, ఆలోచించి, మూసుకున్నాడు.

"ఇప్పుడు చూడండి ఏం చేస్తానో," అని ఛైర్మన్ కుర్చీ ముందుకు జరిపాడు. "స్టేజీ మీదికి నేనే చెయ్యి పట్టి తీసుకొస్తా. ఈవిడ నా క్లాస్‌మేట్, నా కంటే ఎక్కువ మార్కులొచ్చిన మనిషి, ఈనాడు ఇదే బళ్ళో గంట కొడుతోంది అని మైకులో చెప్తా. పైకొచ్చినవాడు పాతవాళ్ళని మర్చిపోలేదని నలుగురూ చూడాలి. ఫొటో తీయిస్తాం. పుస్తకంలో ఫుల్ పేజీ."

తెలుగు మాస్టారి కలం అప్పటికే కదిలింది. "ఛైర్మన్ గారి హృదయ వైశాల్యం. అధ్యాయానికి పేరు కూడా అదే పెడదాం."

గంటమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తన మార్కులు తన కళ్ళ ముందే ఆయన దానధర్మంగా మారిపోతున్నాయి. తాత నీళ్ళు నిలిచే నేల ఇచ్చి దాత అయ్యాడు. మనవడు తనది కాని ర్యాంకు ఇచ్చి అవుతున్నాడు. ఆ కుటుంబానికి ఇవ్వడం బాగా వచ్చు.

"నేను స్టేజీ ఎక్కనండి."

"ఎందుకూ? సిగ్గా?"

"పనుంటుంది. ఆ రోజు ఎనిమిది వందల మందికి నీళ్ళు పొయ్యాలి. పేరు ఒక్కటి రాయించండి చాలు."

"అలాగేనమ్మా," అని హెడ్మాస్టరు లిస్టు ముందుకు లాక్కుని, మళ్ళీ ఆగాడు. "ఇంటిపేరు ఏది పెట్టాలి? రిజిస్టర్లో పుట్టింటిది ఉంది. సర్వీసు పుస్తకంలో అత్తింటిది ఉంది."

ఛైర్మన్ అన్నాడు, "ఇప్పటిదే పెట్టండి. దర్జీ గారి భార్య అంటే ఊరంతా గుర్తుపడుతుంది. పాతది పెడితే ఎవరికి తెలుస్తుంది?"

తెలుగు మాస్టారు అన్నాడు, "రెండూ పెడితే నిండుగా ఉంటుంది."

హెడ్మాస్టరు అన్నాడు, "వరుసలో పట్టదు మాస్టారూ. షాపువాడు అక్షరాలు లెక్కపెట్టి చెప్పాడు."

"పుట్టింటిది బ్రాకెట్లో?"

"రాతి మీద బ్రాకెట్లు బాగుండవు."

ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత, అదే గదిలో, అదే బోర్డు కింద, ముగ్గురు చదువుకున్నవాళ్ళు అదే ప్రశ్న మీద కూర్చున్నారు. గొడుగు ఒక్కటే లేదు. ఈసారి "ఏమ్మా, అంతే కదా?" అని ఎవరూ అడగలేదు. ఆమే చెప్పింది.

"ఆ పరీక్ష రాసేనాటికి మా ఆయన ఎవరో నాకు తెలియదండి. ఆయన ఇంటిపేరు వచ్చి లెక్కల పేపరు రాయలేదు. రిజిస్టర్లో ఎలా ఉందో అలాగే రాయండి."

ఛైర్మన్ మొహంలో నవ్వు మెల్లగా దిగింది. స్టేజీ లేదు, ఫొటో లేదు, గుర్తుపట్టే ఇంటిపేరు కూడా లేదు. ఆయన వెనక్కి వాలి, రిజిస్టరు అట్ట వేలితో మూసి అవతలికి నెట్టాడు.

"ఎవరికీ తెలియని పేరు రాతి మీదెందుకు చెప్పండి? నలుగురూ ఎవరీవిడ అని అడుగుతారు. ఉన్నదున్నట్టు ఖాళీగానే చెక్కిద్దాం. యాభై ఏళ్ళ బడికి ఒక ఖాళీ ఉంటే ఏం? ఖాళీ కూడా చరిత్రే."

"ఖాళీ కూడా చరిత్రే," అని తెలుగు మాస్టారు మెచ్చుకోలుగా రాసుకున్నాడు.

హెడ్మాస్టరు తన ముందున్న నీళ్ళ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. గోడ గుర్తొచ్చి ఉంటుంది.

గంటమ్మ రిజిస్టరు తీసి చంకలో పెట్టుకుంది. గొంతు రోజూ లాగే వచ్చింది.

"అలాగే వదిలెయ్యండి. కానీ పుస్తకంలో రాయాలి కదా మాస్టారూ, ఎందుకు ఖాళీయో? చరిత్రని మీరే అంటున్నారు. నేను చెప్తా, రాసుకోండి. ఆ ఏడాది ఒక ఆడపిల్ల ఫస్టొచ్చింది. పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది, చెరిపితే టేకు బోర్డు పాడవుతుంది, అందుకని ఆ పిల్ల పెళ్ళయ్యేదాకా ఆగుదామనుకున్నారు. పెళ్ళయింది. చెబుదామంటే హెడ్మాస్టరు బదిలీ అయ్యాడు, డబ్బాలో రంగు గడ్డకట్టింది. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత కమిటీ కూర్చుని ఇంటిపేరు తేల్చుకోలేక మళ్ళీ వదిలేసింది. అంతే."

ముందు వినిపించింది హెడ్మాస్టరు ముక్కులోంచి వచ్చిన శబ్దం. ఆయన దాన్ని దగ్గుగా మార్చబోయాడు, కుదరలేదు. నీళ్ళు తాగబోయాడు, పొలమారింది. ఆఖరికి రెండు చేతులూ బల్ల మీద పెట్టి, భుజాలు ఊగిపోయేలా నవ్వాడు.

"టేకు బోర్డు పాడవుతుందనా? నిజంగానా అమ్మా?"

"మచ్చ పడుతుందన్నారండి."

"సార్," అని ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఛైర్మన్ వైపు తిరిగాడు. 'అలాగే సార్' అనే గొంతు కాదది. "పైనుంచి అధికారులు వస్తున్నారు, అందరి చేతుల్లోనూ పుస్తకం ఉంటుంది. ఖాళీ పెడితే ఎందుకని నన్నడుగుతారు. నేనైతే ఈ కథ చెప్పకుండా ఉండలేను. చెప్పేటప్పుడు నవ్వకుండానూ ఉండలేను. పేరు రాసేద్దాం."

ఛైర్మన్ కుర్చీలో సర్దుకున్నాడు. గదిలో ఇంతకుముందు నవ్వినవాడు తనొక్కడే. ఇప్పుడు ఇంకొకరు నవ్వుతున్నారు, అది తన మాటకు కాదు. ఆయనకది కొత్త. తెలుగు మాస్టారు లిస్టు దగ్గరకు లాక్కుని కలం విదిలించాడు. సిరా రాలేదు. మళ్ళీ విదిలించాడు.

"ఇలా ఇవ్వండి," అని ఛైర్మన్ జేబులోంచి తన పెన్ను తీశాడు.

"రిజిస్టరు మళ్ళీ తెరవమ్మా, చూసి రాస్తారు," అన్నాడు హెడ్మాస్టరు.

గంటమ్మ చంకలోంచి రిజిస్టరు తీసేలోపే ఛైర్మన్ తల వంచి రాసేశాడు. ముందు ఇంటిపేరు, ఆమె పుట్టింటిది, పొడి అక్షరంగా కాదు, పూర్తిగా. దాని తర్వాత బడిలో చేర్చిన రోజు రాయించిన పూర్తి పేరు, చివర్లో వాళ్ళ నాయనమ్మ పట్టుబట్టి తగిలించిన చిన్న ముక్కతో సహా. ఆ ముక్క జీతాల బిల్లులో లేదు. మొగుడికి కూడా గుర్తుందో లేదో. ఛైర్మన్ ఎక్కడా ఆగలేదు, ఎవర్నీ అడగలేదు. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట నోటీసు బోర్డు ముందు నిలబడి, తన పేరుకు పైనున్న పేరును ఎన్నిసార్లు చదువుకున్నాడో, అన్నిసార్లూ ఆ రాతలో ఉన్నాయి.

ఈ బడి మొత్తం మీద తన పేరు గుర్తుంచుకున్న ఒకే ఒక్క మనిషి వీడా అనుకుంది గంటమ్మ. అనుకున్నాక, ఆయన మీద సిద్ధంగా పెట్టుకున్న మాటల్లో సగం ఎటు పోయాయో తెలియలేదు.

ఆయన తల ఎత్తకుండా కాగితం ఆమె వైపు తోశాడు. "సరిపోయిందా?"

ఆమె కాగితం చేతిలోకి తీసుకుని, ఒక్కో అక్షరమూ చూసింది. తొందరపడలేదు.

"సరిపోయింది. చేతిరాతే, అప్పుడెంత ఘోరంగా ఉండేదో ఇప్పుడూ అంతే ఉంది. ఆ ఎనిమిది మార్కులూ దీనికే పోయుంటాయి."

కాగితం హెడ్మాస్టరు చేతికిచ్చి, ఖాళీ గ్లాసులు ట్రేలో పెట్టుకుంది. ఛైర్మన్ తన గ్లాసు ఇంకా ముట్టలేదు. దాన్ని అక్కడే వదిలి బయటికి నడిచింది.